వాము నూనె

మా వంటింటి అలమర తలుపు తీస్తే ముందు కనపడేవి ఆమె అక్షరాలే. తెల్ల టేపు ముక్కల మీద నల్ల పెన్నుతో, గుండ్రంగా, అక్షరానికీ అక్షరానికీ కాస్త ఎడమిచ్చి రాసినవి: జీలకర్ర, ధనియాలు, శొంఠి. కింద చిన్నగా, డబ్బా తెరిచిన తేదీ. ఆమె మా ఇల్లు వదిలి రెండేళ్లు కావస్తున్నా ఒక్క టేపూ ఊడలేదు. ముసలివాళ్లను చూసుకునే కేర్ హోముల్లో మందు సీసాలకు అతికించే టేపు అది. తడికీ నూనెకూ లొంగదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వాళ్లమ్మాయి బాపట్ల నుంచి ఫోన్ చేసింది. "అంకుల్, అమ్మ పోయింది" అంది. ఎప్పుడు, ఎలా అని అడిగాను. చెప్పింది. "మీ గురించి బాగా చెప్పేది అంకుల్. మీకు అక్కడ కాగితాలు వచ్చినయ్యని ఎంత సంతోషపడిందో" అంది. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి, తెరిచి ఉన్న అలమర తలుపు వేసేశాను.

కోవెంట్రీలో మాది మూడు గదుల ఇల్లు. మూడోది గది అనడం కొంచెం అతి. ఒక మంచం, ఒక కుర్చీ, మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడవాలి. అందులో అద్దెకు ఉండేది ఆమె. యాభై దాటిన మనిషి. ఊళ్లో నర్సు పని చేసి, ఇక్కడికి కేర్ వర్కర్ వీసా మీద వచ్చింది. వాళ్ల ప్రార్థన సంఘంలోనూ, డ్యూటీలు వేసే ఆఫీసులోనూ, చివరికి పోస్టు తెచ్చే తెల్లాయనకు కూడా ఆమె ఆంటీ. నేనూ మా ఆవిడా మాత్రం అక్కా అనేవాళ్లం. మాది జనగామ వైపు. మావైపు ఇంట్లో ఉంటున్న మనిషిని ఆంటీ అంటే దూరం పెట్టినట్టుంటుంది. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. దూరం పెట్టే విద్యలో నేను ఎంత ఘనుణ్నో మీకే తెలుస్తుంది.

ఆమె మందు సీసా చేతిలోకి తీసుకునే తీరు చూడాలి. ముందు వెలుతురుకి తిప్పుతుంది. లేబుల్ మీద ఉన్నదంతా పైకి చదువుతుంది. పేరు, పుట్టిన తేదీ, ఎన్ని చుక్కలు, ఎన్నిసార్లు, చివర్న పిల్లలకు అందకుండా ఉంచండి అనేదాకా. ఒకసారి ఊపుతుంది. రెండు క్షణాలు కళ్లు మూసుకుంటుంది, అది ప్రార్థన. అప్పుడు మూత తీస్తుంది. మాకు పారాసెటమాల్ ఇచ్చినా ఇంతే తంతు. తలనొప్పి ఆ తంతు పూర్తయ్యేలోగా తగ్గిపోయేదని మా ఆవిడ ఎగతాళి చేసేది.

వచ్చిన కొత్తలో మా పాపకు దగ్గొస్తే మా ఆవిడ ఫ్రిజ్ వెనక నుంచి ఏదో సిరప్ తీసింది. తడికి లేబుల్ సగం నానిపోయింది. చెంచాలో పోస్తుంటే ఆమె వచ్చి చెంచా లాక్కుంది.

"ఏందమ్మా అది?"

"దగ్గు మందే అక్కా. పోయినసారి డాక్టర్ ఇచ్చిందే."

"ఎవరికిచ్చింది? ఎప్పుడిచ్చింది? ఏడ రాసుంది? లేబుల్ లేని మందు మందు కాదమ్మా. నీళ్లనుకుని తాగటానికి కూడా పనికిరాదు." అంటూ సింకులో ఒంపేసింది. ఆ సాయంత్రమే మా అలమరలోని డబ్బాలన్నీ దించి, టేపు చించి, ఒక్కోదాని మీదా పేరు రాసింది. ఉప్పు డబ్బా మీద కూడా ఉప్పు అని రాసింది. మా పాప ఇక్కడే పుట్టింది. తెలుగు వింటుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. ఆ పిల్లకు తెలుగు చదవడం వచ్చింది ఆ డబ్బాల మీద. మొదట కూడబలుక్కుని చదివిన మాట "వాము".

ఇంకొక సంగతి మెట్లు. మా ఇంట్లో పై అంతస్తుకు పదమూడు మెట్లు. ఆమె తొమ్మిదో మెట్టు దగ్గర ఆగి "స్తోత్రం" అనేది. మా ఇంటికి రావడానికి ఏడాది ముందు కేర్ హోములో స్నానాల గదిలో జారుతున్న ఒక పెద్దాయన్ని పట్టుకోబోయి నడుం విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. ఎముక కుదిరిందిగానీ నరం కుదరలేదు. ఎడమ తుంటి నుంచి కాలి బొటనవేలిదాకా మంట. జీపీ, అంటే మా పేట డాక్టరు, ఇచ్చిన మాత్రలు వేసుకుంటే మొద్దునిద్ర, వేసుకోకపోతే నిద్రే లేదు. తొమ్మిదో మెట్టు కాస్తా ఎనిమిదైంది, ఏడైంది. మేము కింద టీవీ చూస్తూ చెవులు పైన పెట్టుకునేవాళ్లం. "స్తోత్రం" ఎంత తొందరగా వినపడితే ఆ రోజు అంత చెడ్డ రోజు.

ఆఖరికి ఎవరో చెబితే ఒక ప్రైవేటు క్లినిక్‌లో స్పెషలిస్టు డాక్టర్ వీడియోలో చూశాడు. పాత కాగితాలన్నీ అడిగాడు. నెల తరవాత కొరియరు వాడు వచ్చి సంతకం తీసుకుని చిన్న అట్టపెట్టె ఇచ్చాడు. అందులో గోధుమరంగు సీసా, మూతకు చుక్కలు పోసే గొట్టం. ఆమె వెలుతురుకి తిప్పి మొదటినుంచీ చదువుతుంటే నేనూ తొంగి చూశాను. ఇంగ్లీషులో రెండో వరుసలో ఉంది ఆ మాట.

"అక్కా, గిది గంజాయి!"

"గంజాయి నూనె. అరవబాకు. డాక్టరు రాశాడు. ఇదిగో నా పేరు. ఇదిగో నా పుట్టినరోజు. పడుకోబోయే ముందు నాలుక కింద."

"మా దిక్కు గిది దొరికితే ఏండ్లకేండ్లు లోపలేస్తరు."

"నాకు తెలీదా?" అని సీసా బల్ల మీద పెట్టింది. "మా తమ్ముడు ఉన్నాడు కదా లోపల."

అప్పుడు చెప్పింది. తమ్ముడు లారీ డ్రైవరు. కొండల్లో నుంచి పనసకాయల లోడు తెస్తుంటే చెక్‌పోస్టులో పట్టుకున్నారు. కాయల కింద గంజాయి బస్తాలున్నాయి. తనకు తెలియదంటాడు. ఏడాది దాటింది, బెయిలు రాలేదు. "వాడు ఆ ఆకు తీసుకొచ్చాడని ఆడ జైల్లో పెట్టారు. నాకు అదే ఆకు రసం తీసి ఇంటికి తెచ్చి, సంతకం పెట్టించుకుని ఇస్తన్నారు. ఏం చట్టాలో ఏమో. ఈ సంగతి మా అమ్మకి మాత్రం చెప్పబాకండి" అంది. వాళ్లమ్మ ఎక్కడో బాపట్ల అవతల ఉంటుంది, నేను ఆమెను జన్మలో చూడలేదు. అయినా చెప్పనని మాటిచ్చాను.

ఆమె దేన్నీ గాలికి వదిలే మనిషి కాదు. క్లినిక్‌ను అడిగింది, కారు నడపొచ్చా అని. మగతగా ఉంటే నడపొద్దు, సీసా వెంట ఉంచుకో, లేబుల్ ఉండాలి అన్నారు. పని దగ్గర మేనేజరుకు డాక్టరు ఉత్తరం ఇచ్చింది. వాళ్లు పైవాళ్లను అడిగి ఈమెయిల్ పంపారు: ఫార్మసీ ఇచ్చిన సీసాలో, ఫార్మసీ వేసిన లేబుల్‌తో ఉన్నంతకాలం అభ్యంతరం లేదని. ఆ ఈమెయిల్ అచ్చు తీయించి నీలం ఫైల్లో పెట్టుకుంది. మందు రాయొచ్చు అనే చట్టం ఒకటి, ఒంట్లో అది ఉండగా బండి నడిపితే నేరం అనే చట్టం ఇంకొకటి. రెంటి మధ్యా ఆమెకున్న ఆధారం సీసా మీది ఆ వేలెడు కాగితం. "మనకు పాస్‌పోర్టులో వీసా స్టాంపు ఉన్నట్టు నీ సీసాకు లేబుల్ అన్నమాట" అని నేను వేళాకోళం చేశాను. ఆమె నవ్వలేదు. "అవును, అంతే" అంది.

మూడో వారంలో ఒక సాయంత్రం ఆమె మెట్లెక్కుతుంటే మేము అలవాటుగా వింటున్నాం. ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఆగలేదు. పన్నెండు, పదమూడు. పైన తలుపు చప్పుడైంది. మా ఆవిడ నాకేసి చూసింది, దాని కళ్లలో నీళ్లు. నాకూ సంతోషమే. అబద్ధం ఎందుకు, దానితోపాటు చిన్న గుబులు కూడా. ఆ సీసా మా ఫ్రిజ్ తలుపులో పాల డబ్బా పక్కన ఉండేది, చల్లగా ఉంచమన్నారని. పాలు తీసిన ప్రతిసారీ అది నాకు కనపడేది.

గుబులెందుకంటే, అప్పుడే నేను బ్రిటిష్ పౌరసత్వానికి కాగితాలు పెట్టాను. అందులో గుడ్ క్యారెక్టర్ అని ఒక భాగం ఉంటుంది. నువ్వు మంచివాడివేనా అని ప్రభుత్వం అడుగుతుంది, అవునని మనమే టిక్కు పెట్టాలి. టిక్కు పెట్టాను. ఆ తరవాత ఎదురింటి ముందు పోలీసు కారు ఆగినా నాకు దడ.

ఈ మంచివాడి ఇంటికి ఆ వేసవిలో మా మామగారు దిగాడు. ఎక్సైజు శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. గంజాయి తోటలు ఎలా తగలబెట్టించాడో అన్నం తింటూ చెబుతాడు, పొగ ఎటు పోతే అటు మనుషులు ఎలా తూలారో లేచి నిలబడి తూలి చూపిస్తాడు. పైగా ఆయనకొక జబ్బు. ఏ డబ్బా కనపడినా కళ్లద్దాలు పెట్టుకుని చదువుతాడు. కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టెను దినపత్రిక చదివినట్టు చదివాడు.

వచ్చిన మూడో రోజు, మంగళవారం, ఆయన ఫ్రిజ్ తలుపు తీసి "పెరుగు ఏడున్నది?" అన్నాడు. చెయ్యి చొక్కా జేబులో కళ్లద్దాల మీదికి పోయింది. నేను ఒక్క గెంతు గెంతి, "పెరుగు బయటనే ఉన్నది మామా" అని ఆయనను బల్ల దగ్గరికి నడిపించి, సీసా లుంగీ మడతలో పెట్టుకున్నాను. ఆమె పనికి వెళ్లింది. మా ఆవిడ పాపతో బయట ఉంది.

దాన్ని తీసుకెళ్లి ఆమె గదిలో పెట్టేస్తే సరిపోయేది. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా బుర్ర ఏ గడ్డి తిన్నదో, సింకులో వేడినీళ్లు వదిలి సీసాను కింద పెట్టాను. లేబుల్ నానింది. గోటితో గీకాను. ఊడి వచ్చింది, కానీ పైన ఆమె పేరు సగం సీసాకే అంటుకుని ఉండిపోయింది. మళ్లీ గీకాను. అట్టపెట్టెను నాలుగు ముక్కలు చేసి రీసైక్లింగ్ బిన్నులో అడుగున తోశాను. గంట గడవకముందే బిన్నుల బండి రానే వచ్చింది.

తీరా చూస్తే బోడి సీసా ఇంకా అనుమానంగా కనపడింది. సొరుగులో ఆమె టేపు, ఆమె పెన్ను ఉన్నాయి. ఒక ముక్క చించి అతికించి, ఆమె రాసినట్టే గుండ్రంగా, ఎడమెడంగా రాశాను: వాము నూనె. కింద తేదీ కూడా వేశాను. నా పనితనానికి నేనే ముచ్చటపడ్డాను.

ఆ సాయంత్రం మామగారు మళ్లీ ఫ్రిజ్ తీశాడు. సీసా చేతిలోకి తీసుకుని చదివాడు. "కడుపు ఉబ్బరానికి మంచిది" అంటూ మూత తిప్పి వాసన చూశాడు. మూత పెట్టేశాడు. సీసాను ఉన్నచోటే పెట్టి నావైపు తిరిగాడు.

"మీ దేశంల వాము గిట్ల వాసనొస్తదా?" అన్నాడు.

నేను ఫ్రిజ్ తలుపు మూశాను. ఆయన వెళ్లి టీవీ ముందు కూర్చున్నాడు. అంటే, నేను ఎవరి కోసం లేబుల్ పీకానో ఆయనకు లేబుల్ అక్కర్లేకుండానే తెలిసిపోయింది.

ఆమె వచ్చి సీసా చూసుకుంది. నేను ఆమెను కోపంగా చూసింది అదొక్కసారే. కోపమంటే గొంతు పెంచడం కాదు, గొంతు తగ్గించింది.

"ఎవరు చేశారు ఈ పని?"

"మా మామ చూస్తడని అక్కా... ఆయన ఎక్సైజోడు, నీకు తెల్వదు."

"పెట్టె ఏది?"

"పారేసిన."

సీసాను వెలుతురుకి తిప్పింది. చదవడానికి అక్కడ ఏమీ లేదు. "నాకు చెప్తే బీరువాలో పెట్టుకునేదాన్ని కదయ్యా" అంది. ఫార్మసీకి ఫోన్ చేసింది. తెరిచిన సీసాకు మళ్లీ లేబుల్ వేయం, కొత్తది పంపిస్తాం, సోమవారానికి వస్తుంది అన్నారు. "సరే, ఉంటాలే" అని పైకి వెళ్లింది. ఆ రాత్రి వేసుకోలేదు, మర్నాడూ వేసుకోలేదు. గురువారం సాయంత్రం ఐదో మెట్టు మీద ఆగింది. స్తోత్రం వినపడలేదు. వెళ్లి చూస్తే, గోడకు తల ఆనించి కూర్చుని ఉంది. పెదవి కొరుక్కున్న చోట నెత్తురు. నేనే ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చి ఇచ్చాను. "ఏంగాదక్కా, నాలుగు రోజులే కదా. ఎవరడుగుతరు?" అన్నాను. నా ఎదురుగానే చుక్కలు వేసుకుంది. లేబుల్ చదవకుండా ఆమె మందు వేసుకోవడం చూసింది కూడా అదొక్కసారే.

శుక్రవారం ఆమెకు స్లీప్-ఇన్ డ్యూటీ. అంటే ఒక పెద్దాయన ఇంట్లోనే ఆ రాత్రికి పడుకుని పొద్దున్నే వస్తుంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా, బైబిలు, ఆ సీసా సంచీలో సర్దుకుంది. సీసా చేతిలో పట్టుకుని గుమ్మంలో కాసేపు నిలబడింది. తీసి ఫ్రిజ్‌లో పెట్టేస్తుందేమో అనుకున్నాను. పెట్టలేదు.

కారు వెనక బ్రేకు దీపం ఒకటి వెలగడం లేదని పోలీసులు ఆపారు. బీమా కాగితాలు తీయబోతే సంచీ ఒరిగి సీసా బయటపడింది. తరవాత అంతా వరసగా జరిగింది. ఇదేమిటన్నారు, నా మందు అంది. లేబుల్ ఏదన్నారు. నోట్లో పుల్ల పెట్టి పరీక్ష చేశారు, అందులో గంజాయి తేలింది. స్టేషన్‌కు తీసుకెళ్లి రక్తం తీశారు. ఐదింటికి నాకు ఫోన్ వచ్చింది.

"తమ్ముడూ, నా నీలం ఫైలు తీసుకొస్తావా? అల్మైరాలో బట్టల కింద ఉండిద్ది." అంతే అంది.

ఫైలు పట్టుకుని పరిగెత్తాను. దారంతా నా మంచితనాన్ని నేనే మెచ్చుకుంటూ వెళ్లాను, చూడండి. కౌంటరు దగ్గర ఒక ఆఫీసరమ్మ ఫైలు తీసుకుని, కాగితాలు తిరగేసి, మర్యాదగానే మాట్లాడింది. ప్రిస్క్రిప్షన్ ఉందని సంతోషించింది. అప్పుడు ఫోన్లో ఒక ఫొటో చూపించింది. గోధుమరంగు సీసా, తెల్ల టేపు, రెండు తెలుగు మాటలు.

ఈ చేతిరాత లేబుల్ గురించి నీకేమైనా తెలుసా అని అడిగింది.

ఆ గది గోడలు లేత ఆకుపచ్చ. మూల నీళ్ల యంత్రం గుడగుడమంటోంది. నేను పెట్టిన టిక్కు గుర్తొచ్చింది. "నో" అన్నాను. ఒకే మాట. ఆఫీసరమ్మ రాసుకుంది.

ఇంటికొచ్చాక మామగారు పేపరు మీద నుంచి తల ఎత్తాడు. "ఏమన్నవ్?"

"నాకేం తెల్వదన్న."

"మంచి పని చేసినవ్" అని మళ్లీ పేపర్లో పడ్డాడు. ఆ మెప్పు ఇప్పటికీ నాకు ఒంటికి పట్టదు.

శనివారం పొద్దున్నే వదిలారు. నేనే కారు తీసుకెళ్లాను. ఎక్కేటప్పుడు కాలిని చేత్తో ఎత్తి లోపల పెట్టుకుంది. చాలా దూరం వచ్చాక తనే చెప్పింది.

"ఆ టేపు మీద ఏముందని అడిగారయ్యా. వాము నూనె అని చెప్పా. ఎవరు రాశారన్నారు. నేనే అన్నా."

"ఎందుకన్నవ్ అక్కా?"

"నీ కాగితాలు ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నయ్యి కదా" అంది, పాలు పొంగుతున్నాయి స్టవ్ కట్టెయ్ అన్నట్టు. తరవాత కిటికీలోకి చూస్తూ, "పొద్దున ప్రార్థన చేద్దామంటే నోరు రాలా" అంది.

రోడ్డు చూస్తూ బండి నడిపాను.

ఆమెను పని నుంచి తీసేశారు. గంజాయి వల్ల కాదు, అది గమనించండి. మేనేజరు స్పష్టంగానే చెప్పిందట. మందు సంగతి మాకు ముందే తెలుసు, ఒప్పుకున్నాం. కానీ నువ్వు రోజూ పెద్దవాళ్లకు మందులిచ్చే మనిషివి. సీసా లేబుల్ పీకి, దాని మీద ఇంకో పేరు నీ చేత్తో రాశానని నువ్వే ఒప్పుకున్నావు. ఇక నిన్ను మందుల గదిలోకి ఎలా రానిస్తాం? ఆమె ఇంటికొచ్చి ఈ మాటలు మాకు చెప్పి, "వాళ్లది తప్పు కాదమ్మా. నేనైనా అట్టాంటిదాన్ని రానిస్తానా?" అంది. మా ఆవిడ నాకేసి చూసింది. నేను నీళ్లు తాగడానికి లేచాను.

ఉద్యోగం పోతే వీసా పోతుంది. అరవై రోజుల్లో ఇంకో యజమానిని వెతుక్కోవాలి, లేకపోతే దేశం విడిచి వెళ్లాలి అని ఉత్తరం వచ్చింది. వెళ్లిన ప్రతిచోటా పాత మేనేజరు ఇచ్చే రిఫరెన్స్ అడుగుతారు. అందులో ఏముంటుందో మాకు తెలుసు.

నేను ఆ మేనేజరుకు ఈమెయిల్ రాశాను. లేబుల్ పీకింది నేను, తెలుగులో రాసింది నేను, ఆమె నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పింది. నాలుగు వాక్యాలు. రోజూ తీసి చదివేవాణ్ని. ఒక కామా మార్చేవాణ్ని. మా ఆవిడ ఒకసారి "పంపు" అంది. కాసేపాగి "మరి నీ ఫామ్ ఏమైతది?" అంది. మళ్లీ డ్రాఫ్టులో పెట్టాను. ఆమె మాత్రం పొద్దున ఉద్యోగాల వేటకు బయల్దేరేముందు గుమ్మంలో చెప్పులేసుకుంటూ రోజూ ఒకటే అడిగేది.

"నీ కాగితాలు వచ్చినయ్యా తమ్ముడూ?"

దెప్పి అడిగిందేమో అని ఆ గొంతులో వెతికేవాణ్ని. దెప్పడం దొరికితే నాకు కొంత బరువు దిగేది. దొరకలేదు.

నలభయ్యో రోజున నా కాగితాలు వచ్చాయి. ఆమె సేమ్యా పాయసం చేసింది. ఇక నాకు భయపడటానికి సాకు లేదు, ఆమెకు ఇంకా ఇరవై రోజులున్నాయి. పౌరసత్వ ప్రమాణం ఒక్కటి అయిపోనీ, తరవాత పంపుతాను అనుకున్నాను. ఆ తేదీ ఆమె వెళ్లిన తరవాతి వారం పడింది.

వెళ్లే ముందురోజు సోమవారం సీసా నా చేతిలో పెట్టింది. ఫార్మసీ నుంచి వచ్చిన కొత్తది, లేబుల్ చెక్కుచెదరకుండా ఉంది, సగం మందు మిగిలి ఉంది. "ఇది పట్టుకుని ఆడ దిగితే మా తమ్ముడి పక్కన నాకో గది ఇస్తారు" అని నవ్వింది. "మందుల షాపులో తిరిగి ఇచ్చెయ్యి. లేబుల్ ఉండనియ్యి." చివరి మాట అనేసి నాలుక కొరుక్కుంది. నేను బాధపడతానని.

కొన్ని నెలలకు పోలీసుల నుంచి ఆమె పేరుమీద ఉత్తరం మా ఇంటికి వచ్చింది. మందు డాక్టరు రాసిందేనని తేలింది, ఇక ఏ చర్యా తీసుకోము అని. ఫొటో తీసి పంపాను. "స్తోత్రం" అని ఒక్క మాట జవాబిచ్చింది. ఎన్నో మెట్టు మీద అన్నదో మరి.

మొన్న ఫోన్లో వాళ్లమ్మాయి చెప్పింది. ఆఖరి ఏడాది ఆమె పడుకోలేకపోయింది, కుర్చీలోనే నిద్ర. నొప్పికి వీధి చివర మందుల షాపు నుంచి మాత్రలు తెప్పించుకునేది. రెండు, నాలుగు, తరవాత లెక్క లేదు. కడుపులో పుండై నెత్తురు పోయింది. ఆసుపత్రిలో ఏం మాత్రలు వాడారని అడిగారట.

"ఏం మాత్రలమ్మా?" నేనూ అడిగాను.

"తెలీదంకుల్. వాళ్లు స్ట్రిప్పు కత్తిరించి కాగితం కవర్లో వేసిచ్చేవాళ్లు. పేరున్న ముక్క ఎప్పుడూ షాపులోనే ఉండిపోయేది. అమ్మ దిండు కింద అట్టాంటి కవర్లు పద్దెనిమిదో ఇరవయ్యో దొరికినయ్యి."

లేబుల్ లేని మందు మందు కాదన్న మనిషి. ఏ మాత్ర వేసుకుంటున్నప్పుడైనా వెలుతురుకి తిప్పి చూసే ఉంటుంది. తప్పకుండా చూసి ఉంటుంది.

వాళ్ల ప్రార్థన సంఘం వాళ్లు ఇక్కడ కూడా ఒక కూడిక పెడుతున్నారు. ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నాను కాబట్టి నన్ను నాలుగు మాటలు రాసిమ్మన్నారు. ఈ మాటలు వాళ్లకిస్తానో లేదో ఇంకా తెలియదు. ఆ ఈమెయిల్ కూడా ఇంకా డ్రాఫ్టులోనే ఉంది. ఇంత రాసినా ఆమె పేరు ఒక్కచోట కూడా రాయలేదని ఇప్పుడు గమనించాను. పేరు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆమె, ఆమె అంటూ దాటేశాను. ఆ పేరు శుభ్రంగా అచ్చులో, పుట్టిన తేదీతో సహా ఒకచోట ఉండేది. దాన్ని వేడినీళ్ల కింద పెట్టి గోటితో గీకాను. సగం మిగిలితే మళ్లీ గీకాను.